సొంత గుంపును గెంటేసిన భవాని

భవాని నా పక్కనే కూర్చుని రొయ్యలను ఒక గంపలోకి, కవళ్ల చేపలను ఇంకో గంపలోకి ఏరుతోంది. ఆమె రెండు చేతులకూ పొలుసులే. అప్పుడు నా ఫోను మోగింది. చూస్తే మేమాడే ఫోను ఆటలో భవాని పేరుతో మెసేజ్. "అక్కా, నీ ఫోనుకి ఆరంకెల కోడ్ వచ్చుంటాది. గబాల్న నాకు పంపు నా బంగారమా" అని.

కోడ్ నిజంగానే వచ్చి ఉంది. నేనెంత తెలివిగలదాన్నంటే, చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని ఆ అంకెలు సగం కొట్టేశాను కూడా. మూడో అంకె దగ్గర నాకు ఒళ్లు మండింది.

"ఏమ్మే భవానీ, పక్కనే కూర్చోనుండావు కదా. నోరు తెరిచి అడిగితే ముత్యాలు రాలిపోతాయా?" అన్నాను.

"ఏం అడిగితే?" అంది తల ఎత్తకుండానే.

ఫోను తీసుకెళ్లి ఆమె ముఖం ముందు పెట్టాను. చదివింది. "నేను పంపలేదక్కా" అంది.

ముందు ఈ భవాని ఎవరో చెప్పాలి. ముత్తుకూరు అవతల సముద్రపు ఒడ్డున మా పాలెం. గంగులయ్య మామకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడి పెళ్లాన్ని నేను, రేవతిని. చిన్నవాడు వినోద్ పెళ్లాం గంగాభవాని. వినోద్ మద్రాసు కాశిమేడు నుంచి పెద్ద బోట్ల మీద వేటకు పోయి పదిహేను రోజులకో నెలకో వస్తాడు. మామా, మా ఆయనా ఇంటి ఫైబరు పడవ నడుపుతారు. చేపలు ఏరడం, ఎండబెట్టడం, అమ్మడం మా ఇద్దరి పని.

ఆరేళ్ల కిందట, వేట నిషేధం మొదలయ్యే ముందురోజు, భవాని ఐసు గడ్డల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. నిషేధం రెండు నెలలూ ఊరంతా ఖాళీగా ఉంటే ఈమె కట్టుతో మంచం మీద. అప్పుడు పట్టింది ఆ ఆట. 'దీవికోట' అని, ఫోనులో ఒక దీవి ఇస్తారు, దాని మీద గుడిసె నుంచి కోట దాకా కట్టుకుంటూ పోవాలి. "కాలు విరిగినా దీని చేతులు ఊరుకోవు" అని నేను వెక్కిరించని పూట లేదు. కట్టు విప్పారు, ఆట విప్పలేదు. పదో తరగతి దాటని మనిషి మెల్లగా ఒక గుంపు తయారు చేసింది. దానికి 'గంగమ్మ దండు' అని పేరు. అందులో రొయ్యల షెడ్లలో తొక్క తీసే ఆడవాళ్లున్నారు, మంగళూరు బోట్ల మీద పనిచేసే మగవాళ్లున్నారు, మనుబోలులో వరినాట్లకు పోయే చెంచులక్ష్మి ఉంది. భవాని కాక మొత్తం నలభై మంది. తర్వాత పోరు పడలేక నేనూ చేరాను. నన్ను తన తర్వాతి పెద్దగా పెట్టింది. ఆట సంగతి ఎట్లా ఉన్నా, ఎవరి బిడ్డకు జ్వరం, ఎవరి మొగుడు ఇంకా ఒడ్డుకు రాలేదు, అన్నీ ఆ గుంపులోనే. పొద్దున్నే "నా బంగారాలూ" అని భవాని పలకరిస్తేగాని వాళ్లకు తెల్లారదు.

ఆ "నా బంగారం" అన్న మాటే ఇప్పుడు ఎవడో దొంగ వాడుతున్నాడు. గుంపులో ఆరేళ్ల మాటలూ చదివి, ఆమె ఎట్లా పిలుస్తుందో నేర్చుకున్నాడు ముదనష్టపు వెధవ.

"ఆ కోడ్ ఊరికే రాదక్కా" అంది భవాని. "నీ పాస్‌వర్డు తెలిసినోడు తెరవబోయినా వస్తాది, మరిచిపోయినానని నొక్కినా వస్తాది. ఏం పెట్టినావు నువ్వు?"

ఇక్కడ నా సిగ్గు నేనే చెప్పుకోవాలి. మా పాలేల్లో కొత్త పడవకు నంబరు వచ్చిందంటే పండగే. మామ తనే కుంచె పట్టి పడవకు రెండు వైపులా రాస్తాడు. పసుపు, కుంకుమ పెట్టి, పొంగలి వండి, గంగమ్మకు చూపిస్తాం. ఆ రోజు నుంచి ఆ నంబరు ఇంటికి అచ్చొచ్చిన నంబరు. ఫోను తాళానికి అదే, ఏటీఎం కార్డుకు అదే, ఆటకూ అదే. ఎవరి నంబరు ఏదో పాలెమంతా తెలుసు. ఒకరికొకరు దాచుకోవడమంటే అదొక అవమానం. రెండేళ్ల నుంచి భవాని మొత్తుకుంటూనే ఉంది. "జానెడేసి అక్షరాలతో సముద్రానికంతా కనపడేటట్టు రాసుకున్న నంబరు అది. దాన్ని తీసకపోయి తాళం చేస్తారా? ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకోండి. ఒక్కోదానికి ఒక్కోటి పెట్టుకోండి" అని గుంపులో అందరి చేతా మార్పించింది. నన్నూ అడిగింది. మార్చానని చెప్పాను. మార్చలేదు. మామ చేత్తో రాసిన నంబరు వద్దనుకోవడానికి మనసొప్పలేదు.

"పడవ నంబరేమే" అన్నాను.

కొట్టినా బాగుండేది. ఒక్కసారి చూసింది, అంతే. "నీదొక్కటే కాదులే. నాదీ అదే తప్పు" అంది. ఆటకు నాలుగు మాటల పాస్‌వర్డు పెట్టుకున్న మనిషి, ఆ ఆటకు ముడిపెట్టిన మెయిల్ సంగతి మరిచిపోయింది. కాలు విరిగినప్పుడు మామ ఫోనులో తెరిచిన మెయిల్ అది. దానికి అదే పడవ నంబరు. గుంపు పేజీలో చేరాలనుకునే వాళ్ల కోసం ఆ మెయిల్ పేరు పెట్టింది. పక్కనే పడవ నంబరు కనపడేటట్టు మేమిద్దరం పళ్లికిలించి దిగిన ఫొటో కూడా పెట్టింది. వీధి తలుపుకు ఇంత తాళం వేసి, పెరటి తలుపు బార్లా తీసి పెట్టినట్టయింది. వాడు మెయిల్లోకి దూరి, అక్కణ్ణుంచి ఆట పాస్‌వర్డు మార్చేసుకుని, ఇప్పుడు భవాని అయి కూర్చున్నాడు.

నా ఫోనుకు ఇంకో కోడ్ వచ్చింది. వెంటనే మెసేజ్, "ఏందక్కా ఇంతసేపు?"

పక్కనున్న మనిషి ఫోనులోంచి నన్ను విసుక్కుంటోంది.

"ముందు నీది మార్చు" అంది భవాని. "నాకు చూపించబాకు. నోటితో అనబాకు." తను ముఖం తిప్పుకుంది. నేను అటు తిరిగి, నాకు తోచిన నాలుగు మాటలు కొట్టాను. పెళ్లయిన పధ్నాలుగేళ్లలో భవానికి తెలియని మాట నా దగ్గర ఉండడం అదే మొదలు.

గుంపు తెరిచి చూస్తే అందరివీ ఆ మెసేజ్ గురించే మాటలు. ఉదయం నుంచి వాడు ఒక్కొక్కరికీ విడిగా అదే మెసేజ్ పెడుతున్నాడు. పండక్కి బహుమతి వచ్చిందట, కోడ్ పంపితే చాలట. నేను గబగబా అందరూ చూసే చోట రాశాను, "అది భవాని కాదు, ఎవ్వరూ కోడ్ పంపబాకండి" అని. క్షణంలో నా మాట మాయమైంది. దాని చోట భవాని పేరు మీద ఇంకో మాట వచ్చింది. "నా బంగారాలూ, రేవతక్క అకౌంటు దొంగలు ఎత్తకపోయినారు. ఆమె చెప్పేది నమ్మబాకండి."

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ!" అన్నాను. తిట్టడానికి కూడా సమయం లేదు.

"ఫోన్లు చేద్దామా?" అన్నాను. "పది మంది నంబర్లుండాయి నా దగ్గర. మిగతా వాళ్లు ఆటలోనే తెలుసు. ఒకరికి చేసేలోపల ముగ్గురు పంపేస్తారు" అంది భవాని. పంపిన వాళ్ల దీవి పోతుంది, అంతటితో ఆగదు. వాళ్ల మెయిళ్లూ, వాళ్లను నమ్మేవాళ్ల అకౌంట్లూ వరసగా పోతాయి. అన్నీ భవాని అడిగిందనే పోతాయి. ఆమె భయమంతా అదే. తన దీవి గురించి ఒక్క మాట అనలేదు.

చివరికి భవాని అంది, "తోలెయ్యక్కా."

"ఎవర్ని?"

"అందర్నీ. గుంపులో లేనోళ్లకి వాడు మెసేజ్ పెట్టలేడు. రెండో పెద్దవి నువ్వు, నీకు ఆ మీట ఉండాది. వాడు నిన్ను తోలేసే లోపల నువ్వు వాళ్లని తోలెయ్యి."

"ఆరేళ్లు కూడబెట్టిన మనుషులు కదే!"

"గమ్మున కొట్టక్కా!" అని అరిచింది. అరిచిన ఆ గొంతు ఇంతకు ముందు నేను వినలేదు.

ఒక్కో పేరు మీద నొక్కాలి, తీసెయ్యి అనాలి, నిజంగానా అని అడుగుతుంది, నిజమే అనాలి. వరసలో పోబోతే ఆపింది. "పొద్దున పూట ఫోను చేతిలో ఉండేదెవరో వాళ్లు ముందు" అంది. రొయ్యల షెడ్డులో టీ వేళ కాబోతోంది, వాళ్లు ఫోన్లు తీస్తారు, వాళ్లు ముందు. తర్వాత ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లు. మంగళూరు వాళ్లు, కాశిమేడు వాళ్లు సముద్రం మీద ఉన్నారు, సిగ్నల్ ఉండదు, వాళ్లు చివర. ఎవరి బోటు ఎప్పుడు బయల్దేరిందో ఆమె నోటికే ఉంది. పేరమ్మ అంది, నొక్కాను. కెజియా అంది, నొక్కాను. సుభాషిణి అంది, నొక్కాను. ఒక్కో పేరూ పలుకుతుంటే ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరుగుతున్నాయి, తుడుచుకుందామంటే చేతులకు పొలుసులు. పెత్తనం చేసే వినోద్ మేనత్త మాలకొండమ్మను తోలేసినప్పుడు మాత్రం నాకు కొంచెం తృప్తిగా ఉన్న మాట నిజం.

ముప్పై మూడో పేరు నొక్కాక ఫోనులో నా దీవి ఒక్కటే మిగిలింది. వాడు నన్ను తోసేశాడు.

"ఆరుగురుండారు లోపల" అంది భవాని. "అందరూ సముద్రం మీదోళ్లే." వాళ్ల ఇళ్లకు ఫోన్లు మొదలుపెట్టాం. ఒడ్డు కనపడి సిగ్నల్ రాగానే మొదటి మాటగా ఈ సంగతి చెప్పమని వాళ్ల పెళ్లాలకు చెప్పాం. హజరత్తయ్య భార్య "ముందు చేపల ధర చెప్పనా, ఇది చెప్పనా?" అంటే, "ఇదే తల్లీ, ఇదే ముందు" అని భవాని బతిమాలింది. తర్వాత ఆ ఆరుగురూ కోడ్ ఇవ్వకుండా నిలబడ్డారు.

ఆ పూటకు ఇంక అందరూ బయటపడ్డట్టేనని లెక్క చూసుకున్నాం. ముప్పై తొమ్మిదే, ఒకరు తక్కువ. అప్పుడే భవాని ఫోను మోగింది. చెంచులక్ష్మి.

"అక్కా, పొద్దున్నే కోడ్ పంపినా కదా. నీ బహుమతి ఇంకా రాలా. నా దీవి కూడా తెరుసుకోవడం లా. నేనేమన్నా తప్పు కొట్టినానా?"

భవాని ఫోను చెవి నుంచి తీసి, మళ్లీ పెట్టుకుంది. "ఎందుకు పంపినావు లక్ష్మీ? ఎన్నిసార్లు చెప్పినాను, కోడ్ ఎవురికీ ఇయ్యబాకని?"

"ఎవురికో ఇచ్చినానా? నువ్వడిగినావు కదక్కా. నువ్వడిగితే ఇయ్యనా?"



ఆట కంపెనీకి రాస్తే భవాని దీవి ఐదు రోజులకు తిరిగొచ్చింది. ఎప్పుడు మొదలుపెట్టారని అడిగితే, వేట నిషేధం మొదటి వారమని తడుముకోకుండా చెప్పింది. మొదటి ఫోను ఏదో, దీవికి పెట్టిన తొలి పేరేదో అన్నీ సరిపోయాయి. మెయిల్‌కు కొత్త పాస్‌వర్డు, ఆటకు ఇంకో కొత్త పాస్‌వర్డు పెట్టింది. గెంటేసిన వాళ్లలో కొందరు అలిగి తిట్టారు, సంగతి తెలిసి తిరిగొచ్చారు. మాలకొండమ్మ మాత్రం ఇప్పటికీ ముఖం చూపించడం లేదు, అదొక లాభం. చెంచులక్ష్మి దీవి రాలేదు. ఫోను అమ్మిన కొట్టువాడే ఏదో మెయిల్‌తో తెరిచిచ్చాడట, ఆమె దగ్గర ఏ రుజువూ లేదు. నాలుగేళ్లు కట్టుకున్నదంతా పోయింది.

ఆదివారం భవాని నన్ను వెంటబెట్టుకుని మనుబోలు బయల్దేరింది. ముత్తుకూరు దాకా ఆటో, అక్కణ్ణుంచి రెండు బస్సులు. చెంచులక్ష్మిని మేం చూడడం అదే మొదలు. పాతికేళ్లుంటాయి, బక్కమనిషి, నాట్లు వేసి వేసి వేళ్లు నీళ్లకు ఒరిసిపోయి ఉన్నాయి. గుమ్మంలో భవానిని చూడగానే "అక్కా" అని గట్టిగా పట్టుకుంది. కోపం ఉంటుందేమోనని వచ్చాం. కోపం లేదు, అదే ఎక్కువ బాధ.

అన్నం తిన్నాక భవాని కొత్త మెయిల్ తెరిపించింది. కొత్త దీవి మొదలుపెట్టించింది. మళ్లీ ఒక్క గుడిసె. పాస్‌వర్డు దగ్గరికి రాగానే భవాని లేచి గోడ వైపు తిరిగి కూర్చుంది.

"చూడక్కా, బాగుండాదో లేదో" అని ఫోను ఆమె ముందుకు చాపింది చెంచులక్ష్మి.

"చూడను. నాకు చెప్పబాకు. రేపు నేనే ఫోను చేసి అడిగినా చెప్పబాకు. ఏడ్చి అడిగినా చెప్పబాకు."

ఆ పిల్ల చెయ్యి అట్లాగే ఆగిపోయింది. నాకేసి చూసింది, భవాని వీపుకేసి చూసింది. "నీకు కూడా చెప్పకపోతే, ఇంక నువ్వు నాకేమవుతావక్కా?" అంది.

భవాని గోడ వైపే చూస్తూ ముక్కు తుడుచుకుంది. "అక్కనే అవుతా. ముందు నువ్వు కొట్టు" అంది.

చెంచులక్ష్మి ఫోను గుండెకు దగ్గరగా పట్టుకుని, ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ కొట్టసాగింది. ఆమె అయిందనే దాకా భవాని ఇటు తిరగలేదు.