ఏప్రిల్ రేవు

మహాలక్ష్మమ్మ పెద్దమ్మ గురించి మా విజయపురి సౌత్‌లో ఒక మాట ఉంది. చేపల సంఘం వాళ్ళు ఫైబర్ పడవ ఇస్తామంటే, గంగమ్మ నీళ్ళలో కనిపించి దాని జోలికి పోవద్దని చెప్పిందట. అందుకే రేవులో అందరూ నీలం పడవలు తీసుకున్నా ఆమె ఒక్కతే వెదురు పుట్టి తీసుకుందట. ఈ మాట మాచర్ల దాకా పోయింది. పోయేటప్పటికి ఇంకొంచెం పెరిగింది. గంగమ్మ పచ్చచీర కట్టుకుని ఉందని, ఎండాకాలం కరువు సంగతి కూడా ముందే చెప్పిందని మాచర్ల బస్సులో నా పక్కన కూర్చున్న ఒకావిడ నాకే చెప్పింది. నేను ఆ రేవు మనిషినేనని ఆమెతో అనలేదు. బస్సు దిగేదాకా వింటూ కూర్చున్నాను.

ఆ మాట పుట్టడంలో నా తప్పు కూడా కొంత ఉంది.

మా ఇల్లు పెద్దమ్మ ఇంటి పక్కనే. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచి వాకిట్లో కూర్చుని వలల చిరుగులు కుడుతుంటాను. మా వాకిట్లోంచి రేవంతా కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు వేటకు పోయారో, ఎవరు ఉత్త చేతులతో వచ్చారో నాకు తెలుస్తుంది. పెద్దమ్మకు యాభై దాటాయి. పెదనాన్న ఆరేళ్ళ కిందట జ్వరం వచ్చి పోయాడు. పిల్లలు లేరు. ఆయన పేరు మీదున్న సంఘం కార్డు ఆమె పేరు మీదికి మార్చారు. అప్పటి నుంచి ఒంటరిగా వేటకు పోతుంది. మా రేవులో అలా పోయే ఆడమనిషి ఆమె ఒక్కతే.

పుట్టి గుండ్రంగా పెద్ద గంపలాగా ఉంటుంది. వెదురు బద్దలు అల్లి, పైన గోతాలు కుట్టి, తారు పూస్తారు. దానికి ముందూ వెనకా లేవు. తెలియనివాళ్ళు ఎక్కి తెడ్డు వేస్తే ఉన్నచోటే తిరుగుతుంది తప్ప పోదు. ఒకసారి నేను ఎక్కితే పది తిప్పులు తిప్పి మళ్ళీ ఒడ్డుకే తెచ్చి పడేసింది. పెద్దమ్మ ఎక్కితే అది తిరగదు. మోకాళ్ళ మీద ముందుకు వంగి, తెడ్డును నీళ్ళలో తన వైపుకు లాక్కుంటుంది, పిండి కలుపుతున్నట్టు. పుట్టి నెమ్మదిగా గీత గీసినట్టు పోతుంది. గాలి ఎటు నుంచి వచ్చినా ఆ గీత వంకర పోదు. ఎన్నేళ్ళుగా చూస్తున్నా నాకది మామూలు పని అనిపించదు.

ఆ సంవత్సరం డ్యామ్ గేట్లు ఎత్తారు. అక్టోబరులో సాగర్ నిండా నీళ్ళు. నీటి మట్టం ఐదువందల తొంభై అడుగులు. ఇంటి మెట్లు దిగి పది అంగలు వేస్తే కాళ్ళు తడిసేవి. సరిగ్గా అప్పుడే సంఘం ప్రెసిడెంట్ శ్రీహరి పుస్తకం పట్టుకుని రేవులో కుర్చీ వేసుకున్నాడు. కార్డుకు ఒకటి ఇస్తారు, పడవైనా సరే, కొత్త పుట్టైనా సరే. ఒకసారి పేరు రాయించుకుంటే మళ్ళీ పదేళ్ళ దాకా ఏమీ రాదు. చూడటానికని ఒక పడవను ముందే తెచ్చి రేవులో పెట్టారు. నీలం రంగు, పొడవు, సన్నం. ముందు ఒకరు, వెనక ఒకరు కూర్చుని తెడ్లు వేయాలి. పదహారు కార్డుల్లో పదిహేను మంది గంటలో పడవ రాయించేశారు. ఇక మిగిలింది పెద్దమ్మ.

"చెప్పొదినా, ఏది రాయమంటావు?" అన్నాడు శ్రీహరి.

ఆమె నోరు విప్పకముందే మరిది త్రికోటేశ్వరరావు అందుకున్నాడు. "అడిగేదేముందిరా, పడవ రాసుకో. పుట్టి నెత్తినేసుకుని తిరిగే రోజులు అయిపోయినయ్. ఒక పడవ నేనేస్తా, వదిన పడవ మా పిల్లోడు మహేష్ ఏస్తాడు. వదిన ఇంట్లో కూసుంటే వాటా ఇంటికొచ్చిద్ది."

"నేను కూసోడం ఎప్పుడు చూశావు కోటీ?"

"ఇంకెన్నాళ్ళు చేస్తావు వదినా? జనం నన్నంటన్నారు, వదినని నీళ్ళ మీదికి తోలి నువ్వు నిద్రపోతన్నావేందిరా అని."

"జనాన్ని నా దగ్గరికి పంపించు. తెడ్డేయడం నేర్పుతా."

అందరూ నవ్వారు. త్రికోటేశ్వరరావు చెడ్డవాడు కాదు. నిజంగానే ఆమె మంచికే చెబుతున్నాడు. కానీ ఆ మాటకు తల ఊపితే పెద్దమ్మ ఇక వేటకు పోదు. వాటా కోసం వాకిట్లో కూర్చుంటుంది, నాలాగా. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు.

"నాకు రేపు పొద్దుటి దాకా టైమియ్యి శ్రీహరీ. ఎక్కి చూడాల," అంది.

"నగలు కొంటన్నావా వదినా, పెట్టుకుని చూసుకోటానికి?"

"నగైతే చూడకుండానే కొందును. ఇది పదేళ్ళు నాతో ఉండేది."

మర్నాడు తెల్లవారగానే మా వాకిట్లోకి వచ్చింది. "ఏమే భార్గవీ, ఆ సూది పక్కనబెట్టి రా. నీకు తెడ్డేయడం వచ్చా?"

"రాదు పెద్దమ్మా."

"మంచిది. వస్తే నీ ఇష్టమొచ్చినట్టు ఏస్తావు. నే చెప్పినట్టు ఎయ్."

నన్ను ముందు కూర్చోబెట్టి తను వెనక కూర్చుంది. రెండు తెడ్లు పడగానే పడవ ఒడ్డు వదిలింది. పుట్టిలో పోయినట్టు లేదు. కింద నీళ్ళు ఉన్నాయని కూడా తెలియలేదు. పుట్టికి అరగంట పట్టే దూరం పది నిమిషాల్లో అయిపోయింది. పెద్దమ్మ తెడ్డు ఆపి పడవ అంచు మీద అరచేత్తో నిమిరింది. అది ఇంకా తనంతట తానే పోతోంది.

"ఇది పోటల్లేదే. జారతంది. ఎంత బాగుందో," అంది. ఆమె దేన్నీ అలా మెచ్చుకోగా నేను వినలేదు.

తర్వాత ఆమె చూపు ఒడ్డు వైపుకు తిరిగింది. కాలనీ నీళ్ళ ట్యాంకును, దాని వెనక కొండ మీదున్న తెల్ల బండను చూసి, "ఎడమకు ఎయ్. ఇంకొంచెం. ఆపు," అంది. ట్యాంకు, తెల్ల బండ ఒకే వరసలోకి వచ్చాయి. ఒళ్ళోంచి తాడు చుట్ట తీసింది. దాని చివర రాతిగుండు, బారకొక ముడి. గుండును నీళ్ళలోకి వదిలి ఒక్కొక్క ముడి లెక్కపెట్టుకుంటూ పన్నెండో ముడి దగ్గర ఆగింది. కొంచెం ఎత్తి దించింది. తల అడ్డంగా ఊపింది. "బురద," అంది. పడవను రెండు తెడ్ల దూరం జరిపించి మళ్ళీ వదిలింది. మళ్ళీ బురదే. మూడోసారి గుండు దిగినప్పుడు ఆమె ముఖం మారింది. తాడు నా చేతికిచ్చి, "ఎత్తి దించు," అంది.

దించాను. డెబ్బై అడుగుల లోతు నుంచి గట్టిగా ఒక దెబ్బ నా వేళ్ళ దాకా వచ్చింది.

"ఏందో చెప్పు."

"రాయి."

"పోయిన ఎండాకాలం నాకు అన్నం తెచ్చి ఒక బండ మీద నిలబడ్డావు చూడు. కాళ్ళు కాలతన్నయ్ పెద్దమ్మా అని గంతులేశావు. ఆ బండే. ఏప్రిల్లో మన రేవు ఇక్కడుంటది."

నాకు తెలియకుండానే కాళ్ళు పైకి తీసుకున్నాను. చుట్టూ కనిపించినంత దూరం నీళ్ళే. ఎక్కడా ఒక గుర్తు లేదు. ఆ నీళ్ళ కింద, సరిగ్గా నా కింద, నా కాళ్ళు కాలిన బండ ఉంది. ఆమె దాన్ని చీకట్లో సొంత ఇంటి గడియ తడిమి పట్టుకున్నట్టు పట్టుకుంది. పెద్దమ్మ నీళ్ళలోకి చానాసేపు చూసింది. నేను ఆమెను చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఒడ్డు వైపు చూసి, పెదవులు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది.

రేవుకు వచ్చాక నన్ను ఇంటికి పొమ్మంది.

పది గంటలకు శ్రీహరి పుస్తకం తెరిచాడు. పెద్దమ్మ వంగి చెయ్యి నీళ్ళలో తడుపుకుని నొసటికి రాసుకుంది. వేటకు పోయే ముందు రోజూ చేసే పనే. "పుట్టి రాయి," అంది.

త్రికోటేశ్వరరావు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పదేళ్ళు వదినా. మళ్ళీ నన్నడక్కు."

"నిన్నడగాల్సి వస్తే అడుగుతా కోటీ. సిగ్గేముంది?"

ఆ సాయంత్రం కొళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను చుట్టుకున్నారు. పడవలో పోయి ఏం చేసిందని అడిగారు. నలుగురు ఒక్కసారి అడిగితే నాకు మాట రాదు. తాడు, గుండు, బండ అన్నీ చెప్పాలంటే పెద్ద కథ. "నీళ్ళలోకి చానాసేపు చూసింది," అని బిందె ఎత్తుకుని వచ్చేశాను. నా మాటను, నొసటికి రాసుకున్న తడిని వాళ్ళు కలిపి కుట్టారు.

శీతాకాలమంతా నీలం పడవలవే రోజులు. పొద్దున పోయి, రెండు బుట్టల బొచ్చె చేపలతో పదకొండింటికల్లా వచ్చేవారు. పెద్దమ్మ పుట్టి మధ్యాహ్నానికి గాని ఒడ్డుకు చేరేది కాదు. మహేష్ పక్క నుంచి పోతూ, "పెద్దమ్మా, తాడేసి లాగనా?" అని కేకేసేవాడు. "మీ నాయన్ని లాక్కుపోరా, ముసలోడయ్యాడు," అనేది.

ఫిబ్రవరిలో కాలవలకు వదిలే కొద్దీ నీళ్ళు దిగడం మొదలైంది. మార్చిలో రోజూ సాయంత్రం కట్టేసిన పడవ పొద్దునకు బురదలో కూర్చుని ఉండేది. దాన్ని నీళ్ళలోకి తోయడానికి నలుగురు కావాలి. నలుగురూ ఒకరి పడవ తోసి ఇంకొకరి పడవ దగ్గరికి పోయేసరికి ఎండ ఎక్కేది. ఒక గాలిదుమారంలో రెండు పడవల అడుగులు రాళ్ళకు కొట్టుకుని పగిలాయి. పడవ రాయించుకునేటప్పుడు అందరూ అక్టోబరులో మెట్ల దాకా వచ్చిన నీళ్ళనే చూశారు. ఏటా నీళ్ళు దిగే సంగతి మా రేవులో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. నిండుగా ఉన్నప్పుడు ఎవరికీ గుర్తుండదు. నాకూ గుర్తు లేదు.

ఏప్రిల్ రెండో వారానికి ఆ బండ పైకి తేలింది. పెద్దమ్మ ట్యాంకును, తెల్ల బండను చూసి చెప్పిన చోటే ఉంది. నేను పోయి దాని మీద నిలబడి వెనక్కి చూశాను. పడవలో నేను కూర్చున్న చోటు నా తల మీద ఎక్కడో, ఎంతో ఎత్తున, ఎండలో ఉంది.

అప్పటికి పెద్ద నీళ్ళలో చేప లేదు. బండకు అవతల చిన్న మెట్ట ఉంది. నీళ్ళు దిగినప్పుడు దాని వెనక ఒక మడుగు విడిగా మిగిలిపోతుంది. చేపంతా అందులో ఉంటుంది. పడవలను ఆ మెట్ట ఎక్కించలేరు. ఒకరోజు పొద్దున మెట్ట మీద నల్లగా గుండ్రంగా ఒకటి కదులుతూ కనిపించింది. కింద రెండు కాళ్ళు. పుట్టిని బోర్లించి వీపు మీద వేసుకుని, తెడ్డును కర్రలా పొడుచుకుంటూ పెద్దమ్మ మెట్ట ఎక్కుతోంది. పగిలిన నేల మీద ఒక పెద్ద తాబేలు లేచి నిలబడి నడుస్తున్నట్టుంది. బురదలో పడవ తోస్తున్నవాళ్ళు ఆగి చూశారు. ఎవరూ నవ్వలేదు. ఆమె పైకెక్కి, ఒకసారి పుట్టి సర్దుకుని, అవతలికి దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం బుట్ట నిండా చేపతో వచ్చినప్పుడు త్రికోటేశ్వరరావు ఎదురుపోయి బుట్ట అందుకున్నాడు. "మాకు చెప్పలా వదినా గంగమ్మ. నీకు చెప్పింది."

పెద్దమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని ఊపిరి తీసుకుంది. "రేపు మీ పాత పుట్టి తీసుకుని నాతో రా. మడుగులో ఇద్దరికీ ఉంది," అంది. గంగమ్మ సంగతి అవునని అనలేదు, కాదని అనలేదు.

కానీ ఆ అక్టోబరు పొద్దున ఆమె పొమ్మన్నాక నేను ఇంటికి పోలేదు. ఆరేసిన వలల వెనక ఆగాను. పెద్దమ్మ రేవులో ఎవరూ లేరని చూసుకుంది. పడవ ముక్కుకు తాడు కట్టి, ఆ తాడు భుజానికి వేసుకుని, ఒడ్డు మీదికి లాగింది. ఆగి, చేతులు మార్చుకుని లాగింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని మూడోసారి లాగింది. తర్వాత పడవ పక్కన కూర్చుని దాని అంచు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంది. ఏప్రిల్ బండ నుంచి మా ఇళ్ళకు ఐదువందల పద్నాలుగు అంగలు, తర్వాత నేను లెక్కపెట్టాను. ఆమెకు పడవే కావాలనిపించింది. ఒక్కతే లాగితే అది మూడు బారలు కదిలింది.