తాలుకాయ బొమ్మల పుస్తకం

ఆదెయ్య మాస్టారి పేరెత్తితే మా పర్చూరు చుట్టుపక్కల ఈనాటికీ చేతులెత్తి దణ్ణం పెట్టేవాళ్ళున్నారు. నేను పెట్టను. ఆయనంటే ప్రేమ లేక కాదు, జైనాబీని ఎరిగినదాన్ని కాబట్టి.

మా ఊరి చిన్నబడికి ఆయనొక్కరే పంతులు. సుద్దముక్కతో నల్లబల్ల మీద కోడిని గీస్తే అది మమ్మల్ని చూసి నవ్వుతున్నట్టే ఉండేది. కథలు రాసి, బొమ్మలు వేసి, దారంతో కుట్టి మాకిచ్చేవారు. వాటికోసం మేం జుట్లు పట్టుకునేవాళ్ళం.

జైనాబీ నా తరగతే. వాళ్ళ నాన్న ఖాదర్ వలి దూదేకుల ఆయన, ఊరూరా తిరిగి పరుపులకు పత్తి ఏకేవాడు. పందొమ్మిది వందల యాభై ఆరులో, మూడో తరగతిలో ఉండగా, ఆ పిల్లకు చేతుల మీదా మూతి చుట్టూ బొల్లి మచ్చలొచ్చాయి. కల్లంలో ఎండబెట్టిన మిరపకాయల్లో రంగు పోయి తెల్లబడ్డవాటిని మా ఆడవాళ్ళు ఏరి పక్కన పారేస్తారు. వాటిని తాలుకాయలంటారు. జైనాబీని మొదట ‘తాలుకాయ’ అన్నది నేనే. పాడు నోరు! వారం తిరిగేసరికి బడంతా అదే పిలుపు. ఆ పిల్ల బడి మానేసింది.

మాస్టారు విలవిల్లాడిపోయారు. మమ్మల్ని నాలుగు తగిలించినా బాగుండేది. అలా చెయ్యకుండా కథ రాశారు. అందులో పది ఎర్రకాయలు, ఒక్కోదానికీ ఒక్కో ముద్దుపేరు. వాటి మధ్య ఒక తాలుకాయ. ఏరి పారేస్తే కంచె పక్కన పడి, వానకు మొలిచి, చెట్టు నిండా ఎర్రగా కాస్తుంది. తాలుకాయకు ఆయన రంగే వెయ్యలేదు, తెల్ల కాగితాన్ని అలాగే వదిలేశారు. గుంటూరులో అచ్చాఫీసు నడిపే ఒకాయన చూసి ముచ్చటపడి అయిదు వందల ప్రతులు వేశాడు.

మొదటి ప్రతి పట్టుకుని, నా చేత తప్పు ఒప్పించడానికి నన్నూ వెంటబెట్టుకుని, మాస్టారు ఖాదర్ వలి ఇంటికి వెళ్ళారు. జైనాబీ పేజీలన్నీ తిరగేసింది.

“అన్ని కాయలకీ పేర్లు పెట్టారు గదా మాస్టారూ, దీనికెందుకు పెట్టలా?” అంది.

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అప్పటికే పుస్తకాలు ఊళ్ళకు వెళ్ళిపోయాయి. చీరాల నుంచి వినుకొండ దాకా పిల్లలు ఆ కథను పాటలా అప్పజెప్పడం మొదలెట్టారు. ఆర్నెల్లకు ఖాదర్ వలి బడికొచ్చాడు.

“మీరు మంచికే రాశారండీ, కాదన్ను. కానీ ఆ కథలో కాయ మా పిల్లేనని ఊళ్ళకి పాకింది, నేను ఏ ఊరెళ్ళినా తాలుకాయ వాళ్ళ నాన్నొచ్చాడంటన్నారు. పిల్లనెక్కడ దాచుకోమంటారు?”

ఆనాటి నుంచి సెలవు దొరికితే చాలు, మాస్టారు సైకిలెక్కేవారు. ఇల్లిల్లూ తిరిగి, కొత్త బొమ్మ గీసిచ్చి, ఆ పుస్తకం వెనక్కిమ్మనేవారు. పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవాళ్ళు. “ఇంత మంచి పుస్తకం, ఎందుకండీ?” అని తల్లులు అడిగేవాళ్ళు. కారణం చెబితే జైనాబీ పేరు మళ్ళీ ఎత్తాలి. చెప్పలేక, గుమ్మంలో దొంగలా నిలబడేవారు. మూడు వందల పైచిలుకు ప్రతులు పోగుచేసి పొయ్యిలో పెట్టారు. పిల్లల నోళ్ళలో ఉన్నదాన్ని మాత్రం ఏం చెయ్యలేకపోయారు. కొత్త కథ రాయడమూ మానేశారు.

రోజూ బడి వదిలాక జైనాబీ వాళ్ళింటి ముందు ఆగి అడిగేవారు. “రేపు బడికొస్తావా తల్లీ?”

“ఆ పేరు పోయిందా మాస్టారూ?”

“ఇంకా పోలేదమ్మా.”

ఆ పిల్ల లోపలికెళ్ళిపోయేది. ఇలా ఏడేళ్ళు. బడి వయసు దాటిపోయాక కూడా అడగడం మానలేదాయన. మతి చెడిందన్నారు జనం. నాకు మాత్రం ఆయన్ని అలా చూస్తే గుండె తరుక్కుపోయేది.

అరవై మూడులో, యాభై ఏళ్ళు నిండకుండానే మాస్టారు పోయారు. ఆ రోజు జైనాబీ తల నిండా కొంగు కప్పుకుని వచ్చి ఆయన కాళ్ళ దగ్గర నిలబడింది. ఏడేళ్ళలో ఆమె నలుగురిలోకి రావడం అదే మొదటిసారి. ఊళ్ళ నుంచి పిల్లలు తాము దాచుకున్న పుస్తకాలు తెచ్చి ఆయన పక్కన పెడుతున్నారు. దణ్ణం పెట్టబోతే జైనాబీ చెయ్యి బయటపడింది.

తల్లి చంకలో ఉన్న ఓ పసిది ఆ చెయ్యి చూసి మొహం చేటంత చేసుకుని, “అమ్మా, తాలుకాయ!” అంటూ రమ్మని రెండు చేతులూ చాచింది. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వేశారు.

జైనాబీ చెయ్యి కొంగులోకి లాక్కుని వెళ్ళిపోయింది. ఆ పసిదాన్ని ఎవరూ కసరలేదు. అంత ముద్దుగా అంది మరి.