నాయన వస్తే లేచి నిలబడే పైలట్

హైదరాబాదులో సిమ్యులేటర్ మీద పైలట్లకు పాఠాలు చెప్పే రోజుల్లో ప్రొద్దుటూరు రావాలంటేనే నాకు ఒళ్లు మంట. మాది బట్టల అంగడి. రవికె గుడ్డ కోయించుకునే ప్రతి మనిషీ అడిగేది ఒకటే: అది ఎగరదంట గదా, మరి నేను నేర్పేది ఏంది? అదొక గదంత పెట్టె, లోపల అచ్చం విమానం ముందుభాగం, కింద దాన్ని ఊపే ఇనుప కాళ్లు, అద్దాల్లో బొమ్మ రన్‌వే అని ఎందరికని చెప్పేది? మా మేనత్త ఒక పెండ్లిలో నన్ను ఎగరని విమానానికి అయ్యవారని పరిచయం చేసింది. నవ్వాను గానీ కడుపు మండింది. లైసెన్సు ఉండీ ఏ కంపెనీ పిలవక ఆ పెట్టెలో కూర్చున్నానని నాకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

ఇప్పుడు నిజం విమానమే నడుపుతున్నాను. అయినా ఆ రోజుల్లో నా ప్రాణం తీసిన పులివెందుల అబ్బాయిని తలుచుకుంటే ఇప్పటికీ విసుగొస్తుంది.

చేతి పనితనం బంగారం. పెట్టెలో ఎంత ఈదురుగాలి పెట్టినా నున్నగా దించేవాడు. చిక్కల్లా ఒక్క పరీక్షతోనే. అందులో కెప్టెన్ సీట్లో ఉన్నవాడు కావాలని తప్పు చేస్తాడు. పక్కవాడు ఒకసారి చెప్పాలి, వినకపోతే రెండోసారి చెప్పాలి, అప్పటికీ వినకపోతే విమానాన్ని తన చేతిలోకి తీసుకోవాలి. నేను కెప్టెన్‌గా కూర్చుని, ఎత్తు చూసుకోనట్టు కిందికి దింపుతూ పోయేవాణ్ణి. ఈ మహానుభావుడు నా ముఖం చూస్తాడు, మీటరు చూస్తాడు. నోరు మాత్రం పెగలదు. బొమ్మ కొండకు గుద్దుకుని అద్దాలు ఎర్రబడేవి.

ఎందుకు చెప్పలేదని అడిగితే, "పెద్దోళ్లు, మీరు చూసుకుంటాండారు గదా అనుకున్యా అన్నా," అన్నాడు.

అప్పటికే ఒకసారి తప్పాడు. ఇంకొక్కసారి తప్పితే కంపెనీ ఇచ్చిన ఉద్యోగం పోతుంది. అదే కంపెనీ ఇంటర్వ్యూకి నేనూ పోయాను, నన్ను తీసుకోలేదు. నాకు దక్కనిదాన్ని వీడు మర్యాద కోసం నేలపాలు చేస్తుంటే కోపం రాదా?

పరీక్షకు వారం ముందు నేను సెలవు మీద ప్రొద్దుటూరులో ఉంటే వాళ్ల నాయన ఫోన్ చేసి పులివెందుల పిలిపించుకున్నాడు. చీనీ తోటలో, బత్తాయి చెట్ల నడుమ ఇల్లు. నడుమింట్లో గోడకు విమానం మీటర్ల కాగితం బొమ్మ అతికించి, ముందర రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు అబ్బాయి. ఇలా కుర్చీల మీద సాధన చేయడం పైలట్లకు మామూలే. ఇంకాసేపట్లో రన్‌వే తగులుతుందనగా వాళ్ల నాయన లోపలికొచ్చాడు. వీడు చటుక్కున లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. విమానం దిగుతుంటే సీటు వదిలేసిన పైలట్‌ను నేను చూడడం అదే మొదలు. మళ్లీ మొదలుపెట్టాం. ఆయన చెంబు కోసం వచ్చాడు, వీడు మళ్లీ లేచాడు. ఆ ఇంట్లో ఆయన ముందు ఎవరూ కూర్చోరట, ఆయన మాటకు ఎవరూ అడ్డం చెప్పరట. తల పట్టుకున్నాను.

సాయంత్రం నన్ను ముద్దనూరులో హైదరాబాదు రైలెక్కించడానికి ఆయనే కారు తీశాడు. పక్కన కొడుకు, వెనక నేనూ, వాళ్లమ్మా. నన్ను దింపి ఆమెను జమ్మలమడుగులో పుట్టింటి దగ్గర వదలాలని. కారు కదిలిన కాసేపటికే ఆమె కళ్లు మూసుకుంది.

ఆయన డ్రైవింగు ఆయన రాజ్యం. ముందు బస్సుంది, మలుపుంది, అయినా పక్కకు తీశాడు. ఎదురుగా వచ్చిన ట్రాక్టరు మట్టిలోకి దిగి దారిచ్చింది. కొడుకు డోరు పిడి పట్టుకున్నాడే గానీ పలకలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ముందుకు వంగి వాడి చెవిలో, "ఇప్పుడు గూడా పెద్దోళ్లు చూసుకుంటాండారా?" అన్నాను.

ఇంకో బస్సు తగిలింది. ఆయన మళ్లీ పక్కకు తీశాడు. ఎదురుగా కరెంటు ప్లాంటు బూడిద మోసే లారీ.

"నాయనా, లారీ," అన్నాడు వాడు. ఆయన వినలేదు.

"నాయనా, లారీ వస్తాంది. బస్సు ఎనక్కి రా." ఈసారి వాడి చెయ్యి స్టీరింగు మీదికి పోయింది.

ఆయన బ్రేకు తొక్కి బస్సు వెనక్కి వచ్చేశాడు. లారీ మమ్మల్ని ఊపుతూ దాటిపోయింది.

"నాకు కనపళ్లేదనుకున్యావా?" అన్నాడాయన.

"కనపడింటాది నాయనా. అయినా నేను చెప్పాల."

నేను నెలల తరబడి గొంతు చించుకుని చెప్పిన పాఠం అంతే. వారానికి పరీక్ష గట్టెక్కాడు గానీ, నా లెక్కలో వాడు పాసైంది ఆ రోడ్డు మీదే.

ఆయనకు మాత్రం కోపం ఆగలేదు. అద్దంలో భార్యను చూసి, నీ కొడుకు ఎంతవాడయ్యాడో చూడమన్నాడు. అంతలోనే, నిద్రపోతున్నదానికి చెప్పి ఏం లాభమని విసుక్కున్నాడు.

ఆమె కళ్లు తెరవలేదు. "నిద్రేంది? పెండ్లయినప్పటి నుంచి ఈ కార్లో కండ్లు మూసుకొనే కూచుంటాండా," అంది.

ఆయన ముద్దనూరు దాకా ఆ బస్సు వెనకాలే నడిపాడు.