స్టీరింగుకు కట్టిన ఎర్ర గుడ్డ

మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను స్కూల్లో ఏడో తరగతి పిల్లలకు డిక్టేషన్ చెబుతున్నాను. "ఎల్లిపోనాడే అమ్మడూ" అంది అత్త. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. షెడ్డులో ఉన్న బండి స్టీరింగుకు ఆయన కట్టిన ఎర్ర గుడ్డ అలాగే ఉంది. దాన్ని ఇప్పుడెవరు విప్పాలి? మనిషి పోయిన కబురు చెవిన పడగానే గుడ్డ గుర్తొచ్చినందుకు మీరు నన్ను తిట్టుకోవచ్చు. సంగతంతా విన్నాక తిట్టుకోండి.

ఆయన మా అమ్మకు తమ్ముడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగమంతా వ్యాగన్ల కింద ఫిట్టరుగా గడిపాడు. రిటైరైన ఏడాదే ఆ ఊళ్లోనే ఖరిదాలో ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి, తుప్పు పట్టిన పాత డీజిల్ ఎస్‌యూవీ ఒకదాన్ని తాడు కట్టి లాక్కొచ్చాడు. దానికి ఒక తలుపు లేదు. కాళ్లు పెట్టే చోట నేల కనిపించేది.

"కూసోని తినక ఈ ఇనప పీనుగునెందుకు తెచ్చినావు?" అని అత్త నెత్తి కొట్టుకుంది.

"పీనుగు కాదే. జొరమొచ్చి పడుకుంది. లేపుతాను" అన్నాడాయన.

లేపడానికి రెండేళ్లు పట్టింది. పక్కన ఉండి పానాలందించడానికి నన్ను పిలిచాడు. మా అన్నయ్య దిట్టంగా, చురుగ్గా ఉండేవాడు, వాడిని పిలవలేదు. నేనేమో కుక్కర్ కూతకు కూడా ఉలిక్కిపడే మనిషిని. నన్నెందుకు మావయ్యా అంటే, "దైర్నమున్నోడు నాకొద్దు. బయమున్నోడికే పది వేళ్లూ మిగుల్తాయి" అన్నాడు. నా పిరికితనాన్ని ఒక అర్హతగా చూసిన మనిషి నా జన్మలో ఆయనొక్కడే. అందుకే ఆదివారాలన్నీ గ్రీజు వాసనతో గడిపాను.

బండి కిందికి వెళ్లే ముందు ఆయనకొక పద్ధతి ఉండేది. జాకీని నమ్మేవాడు కాదు. జాకీతో లేపి, ఇరుసుల కింద పాత రైలు స్లీపర్ చెక్క దిమ్మలు పెట్టి, భుజంతో బండిని నాలుగుసార్లు కుదిపేవాడు. అది కదలకపోతే అప్పుడు జేబులోంచి ఎర్ర గుడ్డ తీసి స్టీరింగుకు కట్టేవాడు. కింద మనిషి ఉన్నాడనీ, పని పూర్తి కాలేదనీ దానర్థం. ఇద్దరం కిందికి వెళితే రెండు గుడ్డలు కట్టాలి. నాకంటూ ఒక గుడ్డ చించి ఇచ్చాడు. అది అత్త పాత జాకెట్టు ముక్క.

"కట్టినోడే ఇప్పాల" అనేవాడు. "ఇంకోడు ముట్టుకోకూడదు. దేవుడైనా సరే."

వర్క్‌షాపులో ఒకసారి ఒకతను వ్యాగన్‌కు ఎర్ర జెండా కట్టి, జ్వరమొచ్చి, మర్చిపోయి నిమ్‌పురాలో ఇంటికెళ్లి పడుకున్నాడట. వ్యాగన్ బయటికి పోవాలి. పైవాళ్లు కేకలేస్తున్నారు. పని అయిపోయిందని అందరికీ తెలుసు, అయినా ఒక్కడూ జెండా మీద చెయ్యి వెయ్యలేదు. చివరికి మావయ్యే సైకిలేసుకుని వెళ్లి, ఆ మనిషిని దుప్పటి చుట్టి వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. అతను వణుకుతూ వచ్చి, జెండా విప్పి, మళ్లీ సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఈ కథ ఆయన నాకు కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాడు. ప్రతిసారీ దుప్పటి రంగు మారేది, జెండా మాత్రం మారలేదు.

బిగించిన ప్రతి బోల్టునూ చిన్న సుత్తితో తట్టి చెవి పెట్టేవాడు. "మోగితే బిగువు. గొణిగితే వొదులు." బ్రేకుల్లోంచి గాలి తీసేటప్పుడు నేను సీట్లో, ఆయన కింద. "తొక్కు" అనేవాడు. తొక్కేదాన్ని. "పట్టు." పట్టేదాన్ని. "వొదులు." ఆ మూడు మాటల్లో ఏది తప్పు చేసినా ఆయనకేదో అయిపోతుందని నా అరికాళ్లు చెమటలు పట్టేవి. ఆ తరువాత డ్రైవింగూ ఆయనే నేర్పాడు. నేను ముప్పై దాటించేదాన్ని కాదు. ఆయన దాటించమని అననూ లేదు.

ఆయన ఆసుపత్రిలో పడటానికి ముందు రోజు సాయంత్రం నేను వెళ్లేసరికి స్టీరింగుకు గుడ్డ ఉంది, కింద మనిషి లేడు. ఆయన వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అలా ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏటైంది మావయ్యా?"

"గోల్ బజారు మలుపులో టోటో బేటరీ రిచ్చా అడ్డమొచ్చింది. జానెడు దూరంలో ఆగినాను. అందులో ఇస్కూలు పిల్లలున్నారే." చేతులు చూసుకున్నాడు. "బ్రేకు మీద నమ్మకం పోనాది. ఎవురూ తియ్యొద్దు బండి."

రేపొచ్చి చూద్దాంలే అన్నాను. ఆ రేపు తెల్లారేసరికి ఆయనకు ఒక పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. నాలుగు రోజులు నన్ను చూసి ఏదో చెప్పాలని పెదాలు కదిపాడు. నేను "బ్రేకా మావయ్యా?" అని అడుగుతూనే ఉన్నాను. కళ్లు మూసుకునేవాడు.

మూడో నాడు అస్థికలు ఏరి కుండలో తెచ్చారు. ఇంట్లోకి తేకూడదని కుండకు ఎర్రంచు తువ్వాలు చుట్టి షెడ్డు రాటకు వేలాడదీశారు. ఐదో నాడు కాసాయి నదిలో కలపాలి. ఆ బండిలోనే తీసుకెళ్లాలని అత్త పట్టు పట్టింది. "రెండేళ్లు దాని కిందే పడున్నాడు. ఒక్కసారి దర్జాగా కూకోని ఎల్లనీ." అన్నయ్య సరే అని గుడ్డ విప్పబోతే వాడి చేతి మీద ఒక్కటి వేసింది. అన్నయ్యకు స్కూటర్ తప్ప రాదు. అంటే నడపాల్సింది నేను. జానెడు దూరంలో ఆగిన బ్రేకులతో, ఒడ్డుకు దిగే ఆ వాలులో, పక్కన అత్తను కూర్చోబెట్టుకుని.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నాలుగో నాడు పొద్దున్నే దిమ్మలు పెట్టి, బండిని కుదిపి, ఆయన గుడ్డ పక్కన నా గుడ్డ కట్టి కిందికి దూరాను. నేను కింద, మావయ్య పైన రాటకు. గాలికి తాడు కిర్రుమన్నప్పుడల్లా తల ఎత్తి ఇరుసుకు కొట్టుకున్నాను. పైపులన్నీ వేలితో తడిమాను. తడి లేదు. ప్రతి బోల్టూ తట్టాను. ప్రతి బోల్టూ మోగింది. ఆయనకు దొరికిన తప్పు నాకు దొరకడం లేదంటే, అది నాకు తెలియని చోట ఉందన్నమాట.

"అత్తా, సీటెక్కి బ్రేకు తొక్కు" అని కింద నుంచి అరిచాను.

అత్త ఎక్కింది. "తొక్కు" అన్నాను. "పట్టు" అన్నాను.

"అడుక్కి పోడం లేదే. ఏదో అడ్డుంది."

ఆమె వంగి చెయ్యి పెట్టింది. నేను బయటికి పాక్కుంటూ వచ్చి చూశాను. అత్త చేతిలో మావయ్య రబ్బరు చెప్పు ఉంది. కుడి కాలిది. బ్రేకు కిందికి జారి, నలిగి, మధ్యలో మడత పడింది.

"ఆ రోజు ఒంటి చెప్పుతో వొచ్చినాడే ఇంట్లోకి" అంది అత్త. "రెండోదేదీ అని నవ్వినాను. కాలు వొంక సూసుకున్నాడు. కాల్లోంచి ఊడిపోయినట్టు తెల్లేదు కాబోలు. సుగరు కదేటి, పాదాలు మొద్దుబారిపోనాయి, నాకు సెప్పుకోలేదు. మళ్లీ బయటికెల్లి ఆ గుడ్డ కట్టొచ్చినాడు."

నేను నేల మీద కూలబడ్డాను. పొద్దుటి నుంచి నేను వెతికిన తప్పు ఇనుములో లేదు. ఆయన గుడ్డ కట్టింది బండికి కాదు, తన కాలికి. బ్రేకా, బ్రేకా అని వెర్రిదానిలా అడిగానే తప్ప, ఆయన పాదం ఒక్కసారి పట్టుకుని చూడలేదు. ఆసుపత్రి మంచం మీద ఆ పాదాలు నా ముందే ఉన్నాయి.

ఐదో నాడు నా గుడ్డ నేను విప్పుకున్నాను, ఆయనది విప్పే వేళకు ముగ్గురం స్టీరింగు ముందు నిలబడిపోయాం. అప్పుడు అత్త రాట దగ్గరికెళ్లి కుండను తువ్వాలుతో సహా దింపి, గుండెకు ఆనించుకుని తెచ్చి డ్రైవరు సీట్లో పెట్టింది. గుడ్డ కొసను కుండ మెడకు తాకించి, "ఇప్పీ మరి. అందరం నీకోసమే ఆగినాం" అంది. ముడి లాగింది. నిమ్‌పురా నుంచి దుప్పటి చుట్టుకుని వచ్చిన మనిషి నాకు కళ్లకు కట్టాడు. అన్నయ్య బయటికెళ్లిపోయాడు. ఏడుస్తున్నాడని తెలుసు.

అత్త కుండను ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. నేను చెప్పులు విడిచి నడిపాను. ఒడ్డుకు దిగే వాలులో బ్రేకు మీద ఉత్త పాదం ఆనించాను. తొక్కాను. బండి బుద్ధిగా ఆగింది. అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి నది దాకా తియ్యలేదు.

అస్థికలు నదిలో కలిపి ఇంటికొచ్చి, బండి షెడ్డులో పెట్టి, చక్రాలకు దిమ్మలు అడ్డం వేశాను. బండి ఇక నాదేనంది అత్త. అప్పటి నుంచి ఆదివారం ఆదివారం తీస్తున్నాను, ముప్పై దాటకుండానే. భయం పోలేదు. పోతుందని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నలిగిన ఆ చెప్పు షెడ్డులో సుత్తి పక్కన మేకుకు వేలాడుతోంది. బండి దిగగానే ఒకసారి దానివైపు చూస్తాను, తరువాత వంగి నా రెండు కాళ్లూ చూసుకుంటాను.