అమ్మోరు కాదు, నల్లులు

నేను అయిదో తరగతి దాటలేదు. ఇలా రాయడం ఇదే మొదలు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోతే మీరే సరిసేసుకుని సదవండి.

అరకులో టూరిస్టులు దిగే రూముల్లో దుప్పట్లు మారుత్తాను. మొన్నొక పరుపు ఎత్తగానే గుప్పున కొట్టింది, కుళ్లిన కొత్తిమీర లాంటి పచ్చి కంపు. నల్లి! ఆ కంపుకి ఎవరైనా ముక్కు మూసుకుంటారు. నాకేమో డుంబ్రిగుడ పక్కన మా ఊరు, మావిడి పండగ గుర్తొచ్చి గుండె ఎగిరింది.

మా ఊళ్లో పండగ సెయ్యకుండా కొత్త మావిడికాయ ఎవరూ కొరకరు. కొమ్మకొమ్మకీ గుత్తులు ఏలాడతంటే, గాలికి రాలిన కాయ ఏరి, వాసన సూసి, ఉప్పూకారం తలుసుకుని, నోట్లో ఊరిన నీళ్లు మింగి మళ్లీ కింద పెట్టేసేవోళ్లం. నా సిన్నప్పుడు ఓ ఏడు పండగ దగ్గర పడ్డాక మా తమ్ముడి ఒంటి మీద ఎర్రగా దద్దుర్లు తేలేయి. "అమ్మోరు పోసింది" అనేసింది మాయమ్మ. అంతే, గుమ్మానికి ఏపకొమ్మలు కట్టేసింది. పోపు లేదు, ఊడవడం లేదు, బొంత దులపడం లేదు. అమ్మోరున్న ఇంటోళ్లు పండగలోకి ఎళ్లకూడదు. అంటే మాకు మావిడికాయ లేనట్టే!

తమ్ముడికి జొరం లేదు, కానీ తెల్లారేసరికి కొత్త దద్దుర్లు. ఏపరెమ్మతో ఆడి ఈపు రాత్తా సూద్దును కదా, అయి సీమలబారులాగ వరసగా ఉన్నాయి. బొంత అంచు తిప్పితే పెన్నుతో పొడిసినట్టు నల్ల సుక్కలు, కుట్లలో ఉల్లిపొరలాంటి పల్సటి పొట్టు, అక్కడక్కడ ఎండిన నెత్తుటి మరక.

"మామ్మా, బేగి రాయే!" అని అరిసేను.

మా నాన్న వాళ్లమ్మ వొచ్చి, మంచంకోడు సందులో సీపురుపుల్ల ఎట్టి లాగింది. పెసరబద్దంత ఎర్రటి పురుగు! గోటితో నొక్కి వాసన సూసింది.

"ఏటే కోడలా, ఏపకొమ్మలు కట్టి నల్లుల్ని మేపుతన్నావా?"

"అలాగనకత్తా, అమ్మోరు ఇంటాది" అంది మాయమ్మ భయంగా.

"ఇననీ. ఆయమ్మయినా ఈ మంచం మీద పడుకోదు."

నాన్న నులక ఇప్పేసేడు. మంచం ఎండలోకి ఈడ్సి, సందుసందుకీ సలసల కాగిన నీళ్లు పోసి, బొంత ఉడకేసి, మంచంకోళ్లు కర్రతో బాదుతంటే నల్లులు టపటపా రాలతన్నాయి. తమ్ముడు గోక్కోవడం మానేసి "అదిగో ఇంకోటి! అదిగో!" అని గెంతులే గెంతులు. మర్నాడు పొద్దున్న ఆడి ఈపు మీద కొత్తదొక్కటీ లేదు. ఏపకొమ్మలు మాయమ్మే ఇప్పింది, దణ్ణం ఎట్టుకుంటా, నవ్వుకుంటా. పండగనాడు తమ్ముడూ నేనూ ఒకే కాయ కొరికేం, పులుపుకి పళ్లు జివ్వుమన్నాయి.

ఇప్పుడు నులకమంచాలు లేవు. పిల్లలు పండగ దాకా ఆగట్లేదు, సంతలో కొనుక్కుని తినేత్తన్నారు. మొన్న ఆ పరుపు కుట్టు తిప్పితే అలాంటి నల్ల సుక్కలే. "మామ్మా, బేగి రాయే!" అనేసేను పైకే. రూములో ఎవరూ లేరు. సీపురు లోంచి పుల్ల నేనే ఇరిసేను.

తప్పులుంటే మన్నించండి బాబూ. మీ పరుపు కుట్లు మాత్రం ఓసారి తిప్పి సూసుకోండి.