నేను ప్రాసెసర్‌ను చల్లబరిచిన వైనం

బాగా పనిచేస్తున్న కంప్యూటర్‌ను కుంపటిగా మార్చాలంటే ఎంత చదువు కావాలి? నా అనుభవం ప్రకారం మూడేళ్ల డిప్లొమా చాలు. ఫస్ట్ క్లాసులో పాసై ఉంటే పని ఇంకా తొందరగా అవుతుంది. నమ్మకం లేకపోతే వినండి. మే నెల, వరంగల్ ఎండ, ఒక పెళ్లి వీడియో, నేను. జరిగిన ఘోరంలో మొదటి మూడింటి తప్పేమీ లేదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. పాలిటెక్నిక్ ముగించి, హన్మకొండలో మా రమేశ్ బావ వీడియో షాపులో చేరాను. బావ అంటే మా స్వరూపక్క భర్త. కెమెరా పడితే రాజే గానీ, కంప్యూటర్‌ను మాత్రం దండం పెట్టుకుని ఆన్ చేసే రకం. అందుకే ఆ శాఖ మొత్తం నాకు అప్పగించాడు. మంత్రి పదవి వచ్చినా నేనంత నిటారుగా నడిచేదాన్ని కాదేమో!

షాపులో ఉన్నది ఒకే డెస్క్‌టాప్. వీడియో తయారవుతున్నంతసేపూ దాని ఫ్యాను కాజీపేట దాటే గూడ్సు బండిలా మోగేది. ప్రాసెసర్ వేడి ఎనభై అయిదు డిగ్రీలు చూపించేది. అయినా పని ఆగేది కాదు. సవ్యంగా నడుస్తున్న వస్తువును చూస్తే చేతులు ఊరుకోని మనుషులు కొందరుంటారు. నేను వాళ్లకు నాయకురాలిని.

“బావా, ప్రాసెసర్ మీది కూలర్ మారుస్త. అరవై డిగ్రీలకు దించుత.”

“మంచిగనే నడుస్తాంది గదనే, ఎందుకు గెలుకుడు?”

“నువ్వు జర ఆగి సూడు. మనకెట్లనో ఏసీ లేదు, దాన్నన్న సల్లగ ఉండనీయి.”

కొత్త కూలర్ వచ్చింది. అడుగున తళతళలాడే రాగి పలక, దాని మీద అరచేయంత ఫ్యాను. పాతది విప్పాను. ప్రాసెసర్‌ను తుడిచాను. వేడిని కూలర్‌కు చేరవేసే పేస్టును దోశ మీద నెయ్యిలా పూశాను. బిగించే ముందు కూలర్‌ను ఎత్తి పట్టుకుని ఫొటో దిగి, వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టాను. తర్వాత నాలుగు స్క్రూలూ బిగించేశాను.

అప్పుడే వర్ధన్నపేట వైపు నుంచి మల్లయ్య కాక వచ్చాడు. అంతకు వారం ముందు ఆయన బిడ్డ పెళ్లిని బావే వీడియో తీశాడు.

“బిడ్డా, వీడియో అయ్యిందా? మా అవ్వ పెండ్లి సూడలే. తుంటి ఇరిగి దవాఖానల పడ్డది. రేపు పొద్దుగాల ఆపరేషన్. మనుమరాలి పెండ్లి సూడంది లోపటికి పోనని మొండికేసింది.”

“ఫికర్ చేయకు కాకా. ఒక్క గంటల పెన్‌డ్రైవ్ నీ చేతుల పెడ్త. కొత్త కూలర్ ఏసిన మరి!”

కత్తిరింపులన్నీ అయిన వీడియోను ఒకే ఫైలుగా తయారుచేయడం మొదలుపెట్టాను. తొంభై డిగ్రీలు. తొంభై ఎనిమిది. ఠప్పున కంప్యూటర్ ఆగిపోయింది. పెళ్లి అప్పటికి గణపతి పూజ దగ్గరే ఉంది.

“ఏమైందే?” అన్నాడు బావ.

“ఏం లేదు. పవర్ సెట్టింగ్ జర మార్చాలె.”

ప్రాసెసర్ గరిష్ఠంగా ఎంత పనిచేయవచ్చో చెప్పే చోట వంద శాతం అని ఉంది. తొంభై తొమ్మిది చేశాను. అలా చేస్తే అది అదనపు వేగానికి ఎగబడదు, వేడి తగ్గుతుంది. ఇది నిజమే సుమా, నా చదువును మరీ తీసిపారేయకండి! కానీ ఈసారి జీలకర్ర బెల్లం దగ్గర ఆగింది. ఎనభై చేశాను. పెళ్లికొడుకు తాళి పట్టుకుని వంగాడు, అంతే, తెర నల్లబడింది. యాభై చేశాను. ఆగలేదు గానీ, ఇంకా తొమ్మిది గంటలు పడుతుందని చూపించింది.

“అసలు పెండ్లే గంతసేపు కాలేదు గదనే!” అన్నాడు బావ.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. కూలర్ బిగించగానే చల్లదనమూ కాదు. కంప్యూటర్ డబ్బా పక్క రేకు ఊడదీశాను. టేబుల్ ఫ్యాను పెట్టాను. మల్లయ్య కాక భుజం మీది తువ్వాలతో విసరడం మొదలుపెట్టాడు.

“జరమొస్తె తడిగుడ్డ ఏస్తం గద బిడ్డా, దీనికి ఎయ్యాల్నా?”

“వద్దు కాకా, షాక్ కొడ్తది!”

ఆయన తువ్వాల మడిచి బెంచీ మీద కూర్చున్నాడు. “సాయంత్రందాక సూస్త బిడ్డా. ఆరు దాటితె దవాఖాన లోపటికి పంపరు” అన్నాడు మెల్లగా. ఆ మాటతో నా నిటారు నడుము వంగిపోయింది. ప్రాసెసర్‌ను కాల్చేశానేమోనని డబ్బాలోకి వంగి వాసన చూశాను.

అప్పుడు స్వరూపక్క సద్ది డబ్బాతో వచ్చింది. ఫోన్ తీసి నా స్టేటస్ ఫొటోను పెద్దది చేసింది.

“ఏందే, ఈ రాగి మీద ఎర్ర అక్షరాలున్నయి?”

“కంపెనీ పేరు కావచ్చక్కా.”

“పేరు కాదే. వాడే ముందు పీకుమని ఇంగ్లీషుల రాసున్నది. కొత్త ఫోన్ అద్దం మీద ఉండే కవర్ లెక్కనే ఉన్నది. తీసినవా?”

తీయలేదు. ఆ కవరును అప్పటికే ముప్పై మంది చూసి నాకు చప్పట్ల బొమ్మలు పంపారు.

కూలర్‌దే లోపమని ఒక్క అబద్ధం చెప్పవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ కాక ముఖం చూసి చెప్పలేకపోయాను.

“కాకా, తప్పు నాదే. కింద ప్లాస్టిక్ ఉంచే బిగించిన.”

“తెలిసింది గద, ఇగ పీకు” అన్నాడాయన.

పీకాను. మళ్లీ పేస్టు పూసి బిగించాను. అయినా నత్తనడకే! యాభై శాతం దగ్గరే వదిలేశానని బావ చూపించాడు. “కాళ్లు కట్టేసి ఉరుకుమంటె ఎట్ల ఉరుకుతదే?” తొంభై తొమ్మిదికి పెంచాను. అరవై రెండు డిగ్రీలు! ఫ్యాను చప్పుడు కూడా లేదు. ఆ అంకెను చూసి నేను పొందిన గర్వం మార్కుల మెమో చూసినప్పుడు కూడా పొందలేదు. నాలుగున్నరకు పెన్‌డ్రైవ్‌తో కాక బస్సెక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. “ఆపరేషన్ మంచిగైంది బిడ్డా. అవ్వ రెండుసార్లు సూసింది. మస్తు ఖుషీ. ఒక్కటే అడిగింది.”

“ఏమని కాకా?”

“‘అల్లుడు కూసున్న కుర్చీకి ప్లాస్టిక్ కవర్ తీయలేదేందిరా?’ అన్నది.”

నాలుగు రోజులు ఆ వీడియోను కత్తిరించి అతికించింది నేనే. ఆ కవర్ కూడా నా కంట పడలేదు!

ఇప్పుడు మడికొండ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల నుంచి కూడా కంప్యూటర్లు నా దగ్గరికి వస్తాయి. వేడి తగ్గించడంలో నా పేరు చెబుతారు. అందుకే సగర్వంగా, భద్రకాళమ్మ సాక్షిగా శపథం చేస్తున్నాను: కవర్ పీకందే ఈ జన్మలో ఏ వస్తువునూ వాడను. ఒక్క మా ఇంటి టీవీ రిమోట్ తప్ప. దాని కవర్ ముడితే మా అమ్మ ఊరుకోదు.