వైరు పీకాక మోగిన హార్డ్‌డిస్క్

నమ్మితే నమ్మండి, లేకపోతే లేచి వెళ్లి పడుకోండి. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు. దయ్యం కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. మా సెంగ్‌కాంగ్ ఫ్లాట్లో పైనుంచి గోళీలు దొర్లిన చప్పుడు వస్తే చాలు, దయ్యాలు గోళీలాడుతున్నాయని దేవుడి ముందు దీపం పెట్టేస్తుంది మా ఆవిడ. పైపులే అవి అని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

నాకు చప్పుళ్ల సంగతి తెలుసు. సాయంత్రాలు ఈ పరాయి దేశంలో మనవాళ్ల కంప్యూటర్లు ఊరికే బాగుచేసి పెడుతుంటాను. మూత విప్పకుండానే, విని రోగం చెప్పేస్తాను. గరగరమంటే ఫ్యాను. కీచుమంటే పవర్ సప్లై. టక్ టక్ మంటే హార్డ్‌డిస్క్... దానికిక పాడె కట్టడమే. మనవాళ్లకి ఇవేం పట్టవు. దసరాకి సీపీయూ నిండా బొట్లు పెడతారు. ఆ కుంకుమ ఫ్యానులో పడి గరగరమంటుంటే, దిష్టి తగిలిందని నాకు ఫోను. ఇలా ఫోన్ చేసేవాళ్లంతా పెద్ద పెద్ద ఇంజనీర్లు!

ఆ రాత్రి పదకొండు దాటింది. బయట వాన. సత్తిబాబు వచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, షిప్‌యార్డులో కూలి. డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. అతని గదిలోవాళ్లంతా వాడుకునే పాత కంప్యూటర్‌ను చెత్త కవర్లో చుట్టి తెచ్చాడు.

"ఇందులో ఒక్క ఫోటో కావాలన్నా. రేపొద్దున్నే ఇచారణ."

నాలుగు నెలల క్రితం అతని గదిలో ఉండే అప్పలరాజు ఓడ ట్యాంకులో ఊపిరాడక చనిపోయాడు. ఎవరూ పంపలేదు, తనంతట తనే దిగాడు అంటున్నాడు సూపర్‌వైజరు. ట్యాంకులోకి ఎవర్ని పంపినా మూతి దగ్గరి బోర్డు మీద పేరు రాస్తారట. ఆ సాయంత్రం బోర్డు తుడిచేసే లోపే సత్తిబాబు దాన్ని ఫోటో తీశాడు. ఆ ఫోను తర్వాత పాడైంది. ఫోటో మిగిలింది ఈ కంప్యూటర్లోనే.

డిస్కు బయటికి తీసి అడాప్టర్‌తో నా కంప్యూటర్‌కి తగిలించాను.

టక్. టక్. టక్. ... టక్.

"చచ్చింది," అన్నాను. "లోపల చదివే ముల్లు పోయింది. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావయ్యా?"

అతను నా మాట వినలేదు. డిస్కు వంకే చూస్తున్నాడు. మొహంలో రక్తం లేదు.

"అది ముల్లు కాదన్నా. ట్యాంకులో దిగినోడు సుత్తితో కొడతాడు. మూడు కొట్టి, ఆగి, ఒకటి. నాను లోపలున్నాను, మూత ఎయ్యొద్దు అని. బయట కాపలావోడు రెండు కొట్టాల."

"మరి ఆ రోజు బయటున్న వెధవ ఏం చేస్తున్నాడు?"

అతను చెత్త కవర్ని మడతలు పెట్టసాగాడు. నాకు నవ్వొచ్చింది. చదువులేనివాడు, భయపడుతున్నాడు అనుకున్నాను. ఇదిగో చూడు అని అడాప్టర్ వైరు పీకేశాను. డిస్కు మీద చెయ్యి వేశాను. తిరగడం ఆగిపోయింది... వణుకు లేదు... గదిలో ఫ్యాను కూడా కట్టేశాను.

టక్.

టక్.

టక్.

...

టక్.

వైరు నా చేతిలోనే ఉంది.

స్క్రూడ్రైవర్ మొన డిస్కు మీద ఆనించి, పిడి చెవిలో పెట్టుకున్నాను. చప్పుడు ఎక్కణ్ణుంచో తేల్చడానికి మేం చేసే పనే అది. ఇంకెక్కడిదో అయితే పిడిలోంచి వినపడదు... వినపడింది. ఈసారి చాలా మెల్లగా. అలిసిపోయినట్టు. నా చెమట చుక్క డిస్కు మీద పడింది.

సత్తిబాబు వేలు మడిచాడు. బల్ల మీద రెండుసార్లు కొట్టాడు.

"ఉన్నానురా... ఈడే ఉన్నాను."

ఆగిపోయింది.

చివరికి మళ్లీ వైరు పెట్టాను. డిస్కు కొత్తదానిలా తిరిగింది. ఫోటో దొరికింది. తెల్ల బోర్డు. లోపల, అప్పలరాజు. దాని కింద, బయట కాపలా... సత్తిబాబు.

నేను తలెత్తలేకపోయాను.

"టీకెళ్లినానన్నా. పది నిమిషాలే. అందుకే ఇన్నాళ్లూ తేలేదు." తెరమీది తన పేరును వేలితో చూపించాడు. "నిన్న ఆడి పెళ్లాం ఫోన్ సేసింది. మా ఆయన ఎవుళ్లకీ సెప్పకుండా ట్యాంకులో దిగిపోనాడంట, నిజమేనా అని."

"ఇది చూపిస్తే నీ వర్క్ పర్మిట్ పోతుంది."

"పోనీ అన్నా."

పోయింది. వారం తిరక్కుండానే ఊరికి పంపేశారు. అప్పలరాజు తప్పు లేదని మాత్రం కాగితం మీద రాశారు.

ఆ డిస్కు నా దగ్గరే ఉంది. ఫోటో కాపీ అయ్యాక మళ్లీ తిరగలేదు. ఎన్నో చెప్పుకున్నాను. వేడెక్కిన ఇనుము చల్లారుతూ టక్కుమంది అన్నాను. ఆఖరికి పైఫ్లాట్ గోళీలు అని కూడా అన్నాను... మా ఆవిడ మాటే! నాకు నామీదే అసహ్యం వేసింది. ఇనుము చల్లారితే మూడు కొట్టి, ఆగి, ఒకటి కొడుతుందా? జవాబు వస్తే ఊరుకుంటుందా? ఏమో... నాకు తెలియదు.

ఇప్పుడు ఎవరి డిస్కు టక్ టక్ మన్నా, చచ్చింది అనే ముందు బల్ల మీద రెండుసార్లు కొడతాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.